లోడ్ మోసే స్టీల్ పార్ట్‌ను 3డీ ప్రింట్‌కు ఇచ్చే ముందు జాగ్రత్తలు

316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీల్ పార్ట్‌ను లేజర్‌తో పౌడర్ కరిగించే మెషీన్‌లో ప్రింట్ చేయించబోతున్నారా? ఫైల్ పంపే ముందే ఒక సంగతి తేల్చుకోండి: పనిలో పడ్డాక దాన్ని లోడ్ ఏ వైపు లాగుతుంది? డ్రాయింగ్ మీద బాణం గీసి మరీ పంపండి.

మామూలు 316ఎల్ ప్లేటుకు ఈల్డ్ స్ట్రెంగ్త్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) కనీసం 170 మెగాపాస్కల్స్ ఉంటే చాలు. బాగా ప్రింటయిన ముక్క 450 కూడా దాటుతుంది. కరిగిన లోహం క్షణంలో గడ్డకట్టి, లోపల మైక్రాన్ కంటే సన్నటి గళ్లు ఏర్పడటమే అందుకు ముఖ్య కారణం. ఆ అంకె చూసి మందం తగ్గించేయకండి. ఏ దిశలో లాగితే వచ్చిందో అడగండి. నిలబెట్టి ప్రింట్ చేసిన ముక్క సాధారణంగా పడుకోబెట్టిన దానికంటే తక్కువ చూపిస్తుంది.

అసలు భయపడాల్సింది పొరల మధ్య అతుకు గురించి. పని త్వరగా తెమలాలని స్పీడ్ పెంచినా, లేజర్ గీతల మధ్య ఎడం పెంచినా, పౌడర్ పొర మందం చేసినా కింది పొర దాకా కరగదు. అలాంటి ముక్కను కోసి, పాలిష్ చేసి మైక్రోస్కోప్ కింద పెడితే పొరల వెంబడి అడ్డంగా పరుచుకున్న ఖాళీలు, వాటిలో కరగకుండా మిగిలిన గుండ్రటి పౌడర్ రేణువులు కనిపిస్తాయి. పొరలకు నిలువుగా లాగితే ఆ ఖాళీల మొనల దగ్గరే పగులు మొదలవుతుంది. వేడి మరీ ఎక్కువైనా రంధ్రాలు వస్తాయి, కానీ అవి చాలావరకు గుండ్రంగా ఉంటాయి. ఎనర్జీ డెన్సిటీ (ఇంత ఘనపరిమాణం పౌడర్‌కు ఎంత లేజర్ శక్తి అందిందన్న) అంకె ఒక్కటే చూసి ఓకే అనకండి. అదే అంకెతో ఒకటి గట్టిగా, ఇంకోటి బోలుగా రావచ్చు.

గీతల దిశను ప్రతి పొరకూ తిప్పమనండి. 67 డిగ్రీలు ఎక్కువ మంది వాడేది. బిల్డ్ ప్లేట్ (ప్రింటింగ్ జరిగే అడుగు పలక) నుంచి కోసే ముందే స్ట్రెస్ రిలీఫ్ (లోపల మిగిలిన ఒత్తిళ్లు తగ్గేలా వేడిచేయడం) చేయించండి, లేదంటే కోయగానే పార్ట్ వంగిపోవచ్చు. వేడి వెయ్యి డిగ్రీలు దాటితే మాత్రం మొదట చెప్పిన సన్నటి గళ్లు చెరిగిపోయి ఈల్డ్ పడిపోతుంది. పదేపదే లోడ్ పడే పార్టయితే గరుకు ఉపరితలాన్ని మెషీనింగ్ చేయించాల్సిందే. హిప్పింగ్ (బాగా వేడిచేసి గ్యాస్ ఒత్తిడితో అన్ని వైపుల నుంచీ నొక్కడం) లోపలి రంధ్రాలను మూస్తుంది కానీ, పైకి తెరుచుకున్నవాటిని మూయలేదు.

2021లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తెరిచిన స్టీల్ వంతెనను వెల్డింగ్ వైరుతో ప్రింట్ చేశారు. ప్రింటయిన స్టీల్ నుంచి వేర్వేరు కోణాల్లో ముక్కలు కోసి లాగి చూశారు, వంతెన మీద లోడ్ పెట్టీ పరీక్షించారు. మీ ఆర్డర్‌లోనూ అడగండి: అదే ప్లేట్ మీద, అదే సెట్టింగులతో, లోడ్ దిశలో ఒకటి, దానికి అడ్డంగా ఒకటి టెస్ట్ ముక్కలు. వాటి రిపోర్ట్ వచ్చాకే పార్ట్ బిగించండి.