మోనోపలీ పోటీ ఆట, పాఠం 5: హోటల్ జోలికి పోకండి

ఈసారి వేలంపాట గురించి రాస్తానన్నాను. అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయిన పాఠం తెచ్చిన తంటా ముందు తీరాలి.

‘మూడో ఇంటి దాకా కడుతూ పొండి, ఆగకండి’ అన్నాను. చాలామంది నిజంగానే ఆగలేదు. చేతిలో ఉన్న ఆఖరి డాలరు కూడా ఇళ్ళలో పోసి, మరుసటి వంతులోనే ఎవరి గడిలోనో పడి, అద్దె కట్టడానికి అవే ఇళ్ళను బ్యాంకుకు సగం ధరకు అమ్ముకున్నారు. వందకు కొన్నది యాభైకి! చేతిలో ఎంత ఉంచుకోవాలో చెప్పకపోవడం నా తప్పే. ఏళ్ళ తరబడి ఆడి ఆడి, అది చెప్పాల్సిన సంగతని కూడా తోచలేదు.

ఇప్పుడు చెబుతున్నాను. ఇళ్ళు కట్టే ముందు మీ పావు నుంచి పన్నెండు గడులు ముందుకు చూడండి. వాటిలో అన్నిటికంటే పెద్ద అద్దె ఎంతో అంత చేతిలో ఉంటే మంచిది. లేకపోతే ఆ గడి ఎంత దూరంలో ఉందో లెక్కపెట్టండి. ఏడు గడుల దూరమైతే, రెండు పాచికలు పడే 36 దారుల్లో మిమ్మల్ని అక్కడికి చేర్చేవి 6, కాబట్టి ఆగండి. పన్నెండైతే ఒక్కటే దారి, ఇళ్ళు కట్టేయండి. మధ్యలో ఉన్నవాటికి మీ గుండె ధైర్యం ఎంతో అంత.

ఎప్పుడు కట్టాలన్నది ఇంకో సంగతి. మీ వంతు దాకా ఆగక్కర్లేదు, ఎదుటివాళ్ళ వంతుల మధ్య కూడా ఇళ్ళు కొనొచ్చు. నారింజ సెట్, అంటే ఆ రంగు గడులు మూడూ, మీ చేతిలో ఉండి, ప్రత్యర్థి 50 డాలర్లు కట్టి జైలు నుంచి బయల్దేరబోతున్నాడనుకోండి. జైలు నుంచి సెయింట్ జేమ్స్ ప్లేస్ ఆరో గడి, టెనెసీ అవెన్యూ ఎనిమిదో గడి, న్యూయార్క్ అవెన్యూ తొమ్మిదో గడి. ఆరు పడే దారులు 5, ఎనిమిదికి 5, తొమ్మిదికి 4. మొత్తం 36లో 14. అందుకే నారింజ అంటే నాకు అంత పిచ్చి. అదే అతను డబ్బు కట్టకుండా జంట (రెండు పాచికల మీదా ఒకే అంకె) కోసం పాచికలు వేస్తే, మీకు చిక్కేది మూడు-మూడు, నాలుగు-నాలుగు పడితేనే. 36లో 2. కాబట్టి అతను 50 డాలర్లు తీసి బ్యాంకు ముందు పెట్టేదాకా మీ డబ్బు కదపకండి.

ఇక అసలు తలనొప్పి. పోయినసారి చివర్లో ‘అండర్ ది బోర్డ్‌వాక్’ అనే మోనోపలీ డాక్యుమెంటరీ చూడమన్నాను కదా, చూశారు. 2009లో లాస్ వేగస్‌లో జరిగిన ప్రపంచ పోటీలో నార్వే కుర్రాడు బ్యోర్న్ హాల్వార్డ్ క్నాప్‌స్కోగ్ గెలిచాడు. బహుమతి 20,580 డాలర్లు, అంటే ఆట పెట్టెలో ఉండే మొత్తం బొమ్మ డబ్బుకు సమానం. అంతా ఆ అంకె గుర్తుపెట్టుకున్నారు. పెట్టెలో ఇంకో అంకె ఉంది, దాన్ని ఒక్కరూ పట్టించుకోలేదు. ఇళ్ళు 32. అంతే. అవి అయిపోతే బ్యాంకు ఇక ఇవ్వదు. గుండీలు, చింతగింజలు పెట్టి ఇళ్ళనుకోవడం పోటీలో కుదరదు.

ఈ ముక్క తెలిసీ నాలుగిళ్ళు తీసి హోటళ్ళు కడుతున్నారంటే నాకు ఒళ్ళు మండుతుంది. సెయింట్ జేమ్స్ అద్దె చూడండి: ఒక ఇంటికి 70, రెండింటికి 200, మూడింటికి 550, నాలుగింటికి 750, హోటల్‌కి 950. మూడో ఇల్లు వంద డాలర్లకు 350 పెంచింది. హోటల్ అదే వందకు 200 పెంచింది. సరే, 200 కూడా చిన్న మొత్తం కాదంటారు. కానీ హోటల్ పెట్టగానే ఆ గడిలోని నాలుగు ఇళ్ళు తిరిగి బ్యాంకుకు వెళ్తాయి. మూడు గడుల్లోనూ పెడితే పన్నెండు. మీ నారింజలో పన్నెండు, లేత నీలంలో పన్నెండు ఇళ్ళు ఉన్నాయనుకోండి. బ్యాంకులో మిగిలింది ఎనిమిది. పసుపు సెట్ ఉన్నవాడి దగ్గర ఎంత డబ్బున్నా మూడు గడుల్లోనూ మూడేసి ఇళ్ళు కట్టలేడు, తొమ్మిది కావాలి మరి. నాలుగేసి లేనిదే హోటల్ కూడా రాదు. వాణ్ణి అలా కట్టేసి కూర్చోబెట్టారు. ఇప్పుడు మీరు నారింజలో హోటళ్ళు పెట్టారు. బ్యాంకులో ఇరవై! మూడొందలు మీ జేబులోంచి తీసి, ప్రత్యర్థి ముందు పన్నెండు ఇళ్ళు పేర్చి, ‘కట్టుకో నాయనా’ అన్నట్టు.

రెండో దెబ్బ ఇంకా పాడు. డబ్బు అవసరమై హోటల్‌ను నాలుగు ఇళ్ళకు దించుకుందామంటే బ్యాంకులో ఆ నాలుగు ఇళ్ళు ఉండాలి. లేకపోతే ఇంకా కిందికి దించి సగం ధరకు అమ్ముకోవాల్సిందే. ఒక్క వంద కోసం సెట్ అంతా బోసిపోయిన ఆటలు నేను చూశాను. అందులో రెండు నావే.

హోటల్ ఎప్పుడూ వద్దా అంటే, ఎదుటివాళ్ళెవరికీ సెట్ లేనప్పుడు పెట్టుకోండి. అప్పుడైనా నేను పెట్టను. ఆకుపచ్చ సెట్ గురించి అడిగారు. ఇల్లు 200, మూడేసి కట్టాలంటే 1,800. నాకు నచ్చదు, అంతే.

అభ్యాసం. నాలుగు ఆటలు హోటల్ లేకుండా ఆడండి. ప్రతి వంతు తర్వాత బ్యాంకులో ఎన్ని ఇళ్ళున్నాయో కాగితం మీద రాయండి. ఒక్క వంతు మరిచినా ఆ ఆట లెక్కలోకి రాదు, మళ్ళీ మొదలుపెట్టండి.

తర్వాత ఈ లెక్క. బ్యాంకులో మూడు ఇళ్ళే ఉన్నాయి. మీ నారింజలో మూడేసి, చేతిలో 420 డాలర్లు. మీ పావు బోర్డ్‌వాక్ మీద, అంటే ఆట మొదలయ్యే గడి ‘గో’కి ఒక్క గడి ఇవతల ఉంది. లేత నీలంలో ఒకరికి నాలుగేసి ఇళ్ళు, గులాబీలో ఇంకొకరికి ఎనిమిది. ఎరుపు సెట్ ఉన్నవాడు 600 డాలర్లతో జైల్లో కూర్చున్నాడు, ఇంకా ఒక్క ఇల్లూ కట్టలేదు. వంతు మీది, పాచికలు వేయలేదు. మూడూ కొంటారా, ఒకటే కొంటారా, ఊరుకుంటారా? గో దాటితే వచ్చే 200 మరిచిపోకండి. కారణం అంకెలతో రాయండి. మూడూ కొని హోటల్‌కి దారి వేస్తానని రాసినవాళ్ళ కాగితం మాత్రం చదవను.