పోకర్ పాఠాలు - 4: ఐదో ముక్క పడ్డాక బెట్టా, చెక్కా?

పోయిన పాఠంలో పాట్ (బల్ల మధ్యలో పోగైన పందెం) లెక్క చూశాం. పాట్‌లో 100 ఉంది, ఎదుటివాడు 50 వేశాడు, మీరు 50 పెడితే 150 వచ్చే అవకాశం, అంటే నాలుగుసార్లలో ఒక్కసారి గెలిచినా నష్టం లేదు. ఈ లెక్క ఇంకా అలవాటు కాకపోతే ముందు దాన్నే కాగితం మీద పదిసార్లు వేసుకుని రండి, ఇవాళ్టి పాఠం ఎక్కడికీ పోదు.

మన హైదరాబాద్‌లో పోకర్‌కి వచ్చేవాళ్లలో చాలామందికి అంతకుముందే తీన్ పత్తి అలవాటు ఉంటుంది. అందులో వంతు వచ్చిందంటే చాల్ వెయ్యాలి, లేదంటే ప్యాక్ చెయ్యాలి, షో అడగాలన్నా కట్టాల్సిందే. ఏమీ వెయ్యకుండా ఆటలో ఉండే వీలే లేదు. పోకర్‌లో ఉంది. ఆ రౌండ్‌లో మీకంటే ముందు ఎవరూ బెట్ వెయ్యకపోతే ఊరికే బల్ల మీద వేలితో తట్టి చెక్ అనొచ్చు. పాత అలవాటు వల్ల మనకి చెక్ అంటే ఓడిపోయినట్టు అనిపిస్తుంది, చెయ్యి దానంతటదే చిప్స్ మీదికి పోతుంది. నేను ఈ ఒక్క అలవాటు మానడానికి ఏడాది పట్టింది.

ఫ్లాప్ (అందరికీ కలిపి బల్ల మీద పరిచే మొదటి మూడు ముక్కలు), టర్న్ (నాలుగోది) దగ్గర ఇంకా ముక్కలు రావాల్సి ఉంటాయి కాబట్టి లెక్క చిక్కుపడుతుంది. రివర్ (ఐదోది) దగ్గర అంతా తేలిపోయి ఉంటుంది. అందుకే అక్కడి నుంచి మొదలుపెడదాం.

చిక్కడపల్లిలో మా ఇంట్లో శనివారం రాత్రి ఆట. డబ్బు లేదు, మనిషికి 200 చింతపిక్కలు. (నేర్చుకునేవాళ్లు డబ్బు జోలికి పోకండి, ఇది గట్టిగానే చెబుతున్నా. తెలంగాణలో ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడడం 2017 నుంచే నిషేధం.) నా చేతిలో రాజు, పది. ఫ్లాప్‌లో రాజు, 8, 4. టర్న్ 2. రెండుసార్లూ నేను వేశాను, బాబాయ్ రెండుసార్లూ కాల్ చేశాడు, అంటే నేను వేసినంతా కట్టి ఆటలో ఉన్నాడు. పాట్ 80 పిక్కలు. రివర్ 7. బల్ల మీద ఒకే గుర్తు ముక్కలు మూడు లేవు, ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు ఐదు) భయం లేదు. బాబాయ్ ముక్కలు బోర్లా పెట్టి, వాటి మీద ఒక పిక్క ఉంచి, చెక్ అన్నాడు. ఇప్పుడు నా వంతు.

ఇక్కడ "నా చెయ్యి బాగుందా" అని అడగకండి. అడగాల్సినవి వేరే రెండు: నేను వేస్తే నాకంటే తక్కువ చేతుల్లో ఏవి కాల్ చేస్తాయి? నాకంటే పెద్ద చేతుల్లో ఏవైనా పారేస్తాడా?

బాబాయ్ అంత తేలిగ్గా పారేసే మనిషి కాదు, కాబట్టి రెండోదానికి జవాబు "పారేయడు". మొదటిదాన్ని లెక్కపెడదాం. నా దగ్గర ఒక రాజు, బల్ల మీద ఒకటి, బయట మిగిలినవి రెండు. రాజు-రాణి ఉండడానికి 2 × 4 = 8 విధాలు, రాజు-జాకీ మరో 8. జత ఒకటే అయినా పక్క ముక్క నా పది కంటే పెద్దది కాబట్టి, నన్ను కొట్టేవి 16. (ఆసు-రాజు అయితే మొదట్లోనే రెయిజ్ చేసేవాడు, అంటే పందెం పెంచేవాడు, ఆయన సంగతి తెలుసు.) నాకంటే తక్కువై కాల్ చేసేవి: రాజు-9 ఎనిమిది విధాలు, 9-9 ఆరు, ఆసు-8 పన్నెండు. మొత్తం 26. వేస్తే కాల్ చేసేవి 42, అందులో 26 నేను గెలిచేవి, సగం దాటింది. బెట్ వెయ్యాలి. వేశాను, 40.

అదే రివర్‌లో 7 బదులు ఆసు పడిందనుకోండి. ఆసు-8 ఇప్పుడు రెండు జతలైపోయింది, అవతలి వైపు చేరిపోయింది. 9-9 భయపడి పారేస్తాడు. మిగిలింది రాజు-9 ఒక్కటే. వేస్తే కాల్ చేసేవి ఎక్కువగా పెద్ద చేతులే. కాబట్టి చెక్, ముక్కలు తిప్పడం. నా చెయ్యి మారలేదు, ఇంకా రాజుల జతే, మారింది నేను వేస్తే ఎవరు కాల్ చేస్తారన్నదే.

మరి ఉత్త చెయ్యి మిగిలితే? స్ట్రెయిట్ (వరసగా ఐదు ముక్కలు) కోసం చూశారు, రాలేదు, చెక్ చేస్తే ఓడినట్టే. బ్లఫ్‌కి (ఏమీ లేకపోయినా ఉన్నట్టు బెట్ వెయ్యడానికి) అసలు పనికొచ్చేది ఈ చెయ్యే, మధ్యరకం కాదు, ఎందుకంటే మధ్యరకం చెయ్యి చెక్ చేసినా అప్పుడప్పుడు గెలుస్తుంది. 80 పాట్‌లో 40 వేస్తే, మూడుసార్లలో ఒకసారి ఎదుటివాడు పారేసినా మీ 40 గిట్టుబాటు అవుతుంది. కానీ బాబాయ్ లాంటి వాళ్ల మీద మాత్రం బ్లఫ్ వద్దు.

ముందు వంతు మీదైనప్పుడు సంగతి వేరు, దానికి 6వ పాఠం మొత్తం ఉంది.

ఈ వారం ఇంటిపని. అదే బల్ల: రాజు, 8, 4, 2, 7. ఈసారి మీ చేతిలో 9-9. బాబాయ్ చెక్ అన్నాడు. మీ దగ్గర రాజు లేదు కాబట్టి బయట మూడు రాజులున్నాయి, మీ దగ్గర రెండు తొమ్మిదులు ఉన్నాయి కాబట్టి బయట రెండే. రాజు-రాణి, రాజు-జాకీ, రాజు-9, ఆసు-8, నాలుగూ కాగితం మీద లెక్కపెట్టి, బెట్టో చెక్కో పక్కన రాసి ఉంచండి. 5వ పాఠం ఆ కాగితం నుంచే మొదలవుతుంది.