ఎండాకాలం ఘాట్ ఎక్కే ముందు స్కూటర్ ఇంజినుకు తీసుకోవలసిన జాగ్రత్తలు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. కడపలో ఆ చలి పోయి నెల తిరక్కుండానే ఎండ వచ్చి తిష్ఠ వేస్తుంది. ఉగాది నాటికి మధ్యాహ్నం పూట వాకిట్లో పరిచిన నల్లబండల మీద కాలు ఆనించలేం. ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు ఇక్కడ మామూలే. కర్నూలు, అనంతపురం వాళ్లకూ ఇది కొత్త కాదు. ఆ ఎండలోనే బ్యాంకుకు, బడికి, పొలానికి, పెళ్లికి స్కూటర్ మీద వెళ్లాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు రాతి సంగతి చెప్పారు. సీటు కింద కనబడకుండా ఉండే ఇంజిను సంగతి మనమే చూసుకోవాలి. మార్చిలో ఒక్క ఉదయం దానికి కేటాయిస్తే చాలు.

నాకు ఈ పట్టుదల రావడానికి కారణం రెండేళ్ల కిందటి మే నెల. పని మీద కడప నుంచి రాయచోటి బయల్దేరాను. ముందురోజే ఊళ్లో ఒకచోట సర్వీసు చేయించి, ప్లగ్గు మార్పించాను. గువ్వలచెరువు ఘాట్ సగం ఎక్కేసరికి బండి లాగడం తగ్గింది. ఇంకాస్త ఎక్సలేటర్ తిప్పాను. అక్కడే తప్పు చేశాను. ఇంజినులోంచి సన్నగా టకటక చప్పుడు, కాలిన వాసన వచ్చాయి. మరో మలుపు దాటకముందే ఇంజిను పట్టేసింది. తర్వాత విప్పి చూస్తే సిలిండరు చుట్టూ ఉండవలసిన నల్ల ప్లాస్టిక్ తొడుగులో ఒక ముక్క లేదు. ప్లగ్గు మార్చడానికి తీసినవాళ్లు తిరిగి బిగించలేదు. బోరు, పిస్టన్, రింగులు మార్చవలసి వచ్చింది. అరచేతి వెడల్పున్న ప్లాస్టిక్ ముక్క లేకపోతే ఇనుము కరిగేంత పని ఎందుకైందో ఆ తర్వాతే నేర్చుకున్నాను.

మోటారు సైకిలు ఇంజిను బయటికి కనబడుతుంది. దాని చుట్టూ పలకల్లా ఉండే లోహపు రెక్కలకు ఎదురుగాలి నేరుగా తగిలి వేడిని తీసుకుపోతుంది. స్కూటర్ ఇంజిను సీటు కింద, ప్యానెళ్ల వెనక దాక్కుని ఉంటుంది, ఎదురుగాలి దాని దాకా రాదు. అందుకే క్రాంక్, అంటే ఇంజినులో తిరిగే ఇరుసు, చివర ఉండే మ్యాగ్నెట్ చక్రానికి ఒక ఫ్యాను బిగిస్తారు. అది కుడిపక్క జాలీ గుండా గాలిని లాగి, ప్లాస్టిక్ తొడుగు లోపలి నుంచి సిలిండరు, దాని పైమూత అయిన హెడ్డు రెక్కల మీదికి తోస్తుంది. 2001లో వచ్చిన యాక్టివా నుంచి నేటి జూపిటర్, యాక్సెస్, ఎన్‌టార్క్ 125 వరకు మన వీధుల్లో తిరిగే స్కూటర్లలో చాలా భాగం ఇవే. అవి ఊరికే గాలికి చల్లబడే ఇంజిన్లు కావు, ఫ్యాను గాలికి చల్లబడేవి. సిగ్నల్ దగ్గర నిలబడ్డా ఇంజిను తిరుగుతున్నంతసేపు ఫ్యాను తిరుగుతుంది. కానీ తొడుగు లేకపోయినా, పగిలినా ఆ గాలి దారి తప్పి పక్కలకు పోతుంది, అన్నిటికన్నా ఎక్కువ కాగే హెడ్డుకు మాత్రం అందదు.

కాబట్టి మొదట చూడవలసింది జాలీ, తొడుగు. కుడిపక్క వంగి, టార్చి వేసి జాలీలోకి చూడండి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, బేతంచెర్ల వైపు తిరిగే బండ్లలో బండల పాలిషింగు యూనిట్ల తెల్లటి పొడి నూనె జిడ్డుతో కలిసి రెక్కల మధ్య గారలా పట్టి ఉంటుంది. ఆదోని వైపు అయితే పత్తి పీచు. అది జాలీకి చాపలా అల్లుకుంటుంది. అనంతపురం పల్లెల్లో వేరుశనగ పొట్టు చేరుతుంది. చాలా రోజులు కదపని బండిలో ఎలుక గూడు, కుమ్మరి పురుగు మట్టిగూడు కూడా కనబడతాయి. మెత్తటి బ్రష్షుతో, పంక్చరు షాపులోని గాలి పైపుతో ఈ చెత్తంతా పోతుంది. ఇంజిను పూర్తిగా చల్లారాకే చేయండి, గాలి కొట్టేటప్పుడు కళ్లకు అద్దాలు పెట్టుకోండి. తొడుగుకు పగుళ్లు ఉన్నాయా, స్క్రూలు అన్నీ ఉన్నాయా అన్నది కూడా అప్పుడే తేలుతుంది. సర్వీసుకు ఇచ్చి తెచ్చుకున్న ప్రతిసారీ, డబ్బు చెల్లించకముందే, ఈ ఒక్కటి చూసుకోవాలని నా ప్రార్థన.

బియ్యం మూటో, దాణా సంచో పక్కకు వేలాడదీసి జాలీని మూసేయడం కూడా అంతే ప్రమాదం. మూటను కాళ్ల దగ్గర పెట్టండి, లేదా రెండుసార్లు తిరగండి.

ఆయిలు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఈ ఇంజిన్లలో ఆయిలు పట్టేది సుమారు ముప్పావు లీటరు మాత్రమే. అందులో రెండు వందల మిల్లీలీటర్లు తగ్గిందంటే నాలుగో వంతు పోయినట్టు. ఆయిలు రాపిడిని తగ్గించడంతో ఆగదు. పిస్టన్ అడుగు నుంచి, బేరింగుల నుంచి వేడిని మోసుకొచ్చేది కూడా అదే. తక్కువైన ఆయిలు ఎక్కువ వేడెక్కుతుంది, వేడెక్కి పలచబడుతుంది, పలచబడి రాపిడిని ఆపలేకపోతుంది. ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి బండిని సెంటర్ స్టాండు మీద సమతలంగా నిలిపి, ఆయిలు మట్టం చూపే పుల్ల, అంటే డిప్‌స్టిక్, తీసి చూడండి. స్టిక్కును బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది, మాన్యువల్ చూడండి.

ఎండలు ఎక్కువని చిక్కటి ఆయిలు పోయమనే సలహా మన దగ్గర తరచుగా వినబడుతుంది. స్కూటర్లకు సాధారణంగా సూచించేది 10డబ్ల్యు-30 (ఇది చిక్కదనం గ్రేడు), జాసో అనే జపాను ప్రమాణంలో ఎంబీ రకం. మోటారు సైకిళ్లలో క్లచ్ ఆయిలులోనే మునిగి ఉంటుంది కాబట్టి వాటికి ఎంఏ రకం కావాలి. స్కూటర్ క్లచ్ వెనక చక్రం దగ్గర పొడిగా ఉంటుంది, దానికి ఆ అవసరం లేదు. మీ మాన్యువల్‌లో వేడి ప్రాంతాలకు వేరే గ్రేడు ఇచ్చి ఉంటే అది పోయండి. ఇవ్వకపోతే చెప్పిన గ్రేడే పోసి, గడువు దాటకుండా మార్చండి. చిక్కదనంతో ఎండను గెలవాలనుకోవడం కన్నా తాజా ఆయిలు వెయ్యి రెట్లు నయం.

టాపెట్లు, అంటే ఇంజిను వాల్వులను కదిపే మీటల సందులు, కూడా ఒకసారి చూపించండి. సైలెన్సరు వైపు వాల్వు సందు బిగుసుకుపోతే వాల్వు సరిగా మూసుకోదు, తన వేడిని హెడ్డుకు దించుకోలేక కాలిపోతుంది. ఇంజిను చల్లగా ఉన్నప్పుడే సందు కొలవాలి, అందుకని బండిని ముందురోజు రాత్రే షాపులో వదిలిపెట్టడం మంచిది. ఎయిర్ ఫిల్టరు, వెనక చక్రాన్ని తిప్పే బెల్టు గడువు కిలోమీటర్లు దాటాయేమో అప్పుడే చూడమనండి. ఘాట్ ఎక్కేటప్పుడు బెల్టు కూడా బాగా కాగుతుంది.

ఇక నీళ్లతో, అంటే కూలెంటుతో చల్లబడే ఇంజిన్ల సంగతి. 2021లో మన దేశానికి వచ్చిన యమహా ఏరాక్స్ 155, 2025లో వచ్చిన హీరో జూమ్ 160 ఈ జాతివి. సిలిండరు గోడల చుట్టూ కూలెంటు ప్రవహించి, రేడియేటరులో వేడిని వదిలి, పంపు తోయగా తిరిగి వస్తుంది. ఇంజిను అన్ని వైపులా ఒకే తీరుగా చల్లబడుతుంది. దూరప్రయాణంలో, వేగంలో దీనిదే పైచేయి అని నేను ఒప్పుకుంటాను. కానీ ‘నీళ్ల ఇంజిను కదా, మన ఎండకు ఇదే భద్రం, ఇంక చూసుకోనక్కర్లేదు’ అని అమ్మేవాళ్లు చెబితే నమ్మకండి.

ఒక చిన్న లెక్క చూడండి. వేడి ఎంత త్వరగా పోతుందన్నది వేడి వస్తువుకు, చుట్టూ ఉన్న గాలికి మధ్య తేడాను బట్టి ఉంటుంది. ఫ్యాను ఇంజిను రెక్కలు 150 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. బయట 30 ఉన్నప్పుడు తేడా 120, బయట 45 అయితే 105. ఎనిమిదో వంతు తగ్గింది. రేడియేటరులో కూలెంటు 95 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. తేడా 65 నుంచి 50కి పడిపోతుంది, దాదాపు నాలుగో వంతు తగ్గినట్టు. కంపెనీలు ఇది లెక్కలోకి తీసుకునే రేడియేటరు సైజు నిర్ణయిస్తాయి. అయితే ఆ రేడియేటరు శుభ్రంగా, కూలెంటు నిండుగా ఉన్నప్పుడే ఆ లెక్క నిలుస్తుంది. కొన్ని స్కూటర్లలో రేడియేటరు ఇంజినుకు కుడిపక్కనే, రోడ్డు దుమ్ముకు దగ్గరగా ఉంటుంది. దాని సందుల్లో పట్టిన మట్టిని తక్కువ ఒత్తిడి నీటితోనే కడగాలి, వాటర్ సర్వీసు గన్ను దగ్గర పెట్టి కొడితే పలచటి రెక్కలు వంగి దారి మూసుకుపోతుంది.

కూలెంటు తగ్గిందని కుళాయి నీళ్లో, బోరు నీళ్లో పోయడం మన ప్రాంతంలో జరిగే అతి పెద్ద పొరపాటు. మన బోర్లలో సున్నం ఎంత ఉంటుందో నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పెచ్చు చూస్తే తెలుస్తుంది. అదే పెచ్చు రేడియేటరు సన్నటి గొట్టాల్లో, ఇంజిను లోపలి దారుల్లో పడుతుంది. ఒకసారి పడితే తీయడం కష్టం. కంపెనీ చెప్పిన కూలెంటే పోయండి. గాఢంగా ఉన్నది కొంటే డిస్టిల్డ్ వాటర్‌తో, డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలపండి. సగం సగం కలిపిన గ్లైకాల్ కూలెంటు మామూలు ఒత్తిడిలో 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, రేడియేటరు మూత పట్టి ఉంచే ఒత్తిడి వల్ల ఆ హద్దు 120 దాటుతుంది. అంటే వేడిగా ఉన్నప్పుడు ఆ మూత తీస్తే, అప్పటిదాకా అణిగి ఉన్నది ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. ఎంత తొందరున్నా తీయకండి. చల్లారిన తర్వాత పక్కనున్న రిజర్వు డబ్బాలో రెండు గీతల మధ్య ఉందో లేదో చూస్తే చాలు. మరో మాట: కూలెంటు రుచికి తియ్యగా ఉంటుంది, కానీ ప్రాణం తీసే విషం. మిగిలినదాన్ని పిల్లలకు, కుక్కలకు అందకుండా పెట్టండి, కూల్‌డ్రింకు సీసాలో మాత్రం పోసి ఉంచకండి.

దారిలో వేడెక్కితే ఏం చేయాలో ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ చెప్పండి. ఫ్యాను స్కూటర్లలో చాలావాటికి వేడి చూపే దీపం ఉండదు. బండి లాగడం తగ్గడం, చదునులో లేని టకటక చప్పుడు ఎక్కుడులో వినబడడం, వాసన, ఇవే గుర్తులు. అప్పుడు ఎక్సలేటర్ వదిలి, నీడ చూసి ఆపేయండి. నీళ్లతో చల్లబడే బండిలో వేడి దీపం వెలిగితే వెంటనే ఆపి ఇంజిను కట్టేయండి. అరగంటైనా ఆగాలి. చేతిలో ఉన్న నీళ్ల సీసా ఇంజిను మీద గుమ్మరించకండి. కాగిన అల్యూమినియం ఒకపక్క చప్పున ముడుచుకుంటే హెడ్డు వంకర పోతుంది, పగిలిపోవచ్చు కూడా. లేచే ఆవిరికి చేతులు కాలతాయి. ఆ నీళ్లు మీరు తాగండి.

ఎండాకాలంలో ట్యాంకు నింపితే పేలిపోతుందన్న సందేశం ఏటా ఫోన్లలో తిరుగుతుంది. అది నిజం కాదు. పెట్రోలు వ్యాకోచానికి చోటు వదిలే ట్యాంకు తయారుచేస్తారు. మెడ దాకా పొర్లేలా మాత్రం పోయించకండి, ఆవిరిని పట్టే గొట్టాల్లోకి పెట్రోలు దిగి ఇంజిను మొరాయిస్తుంది.

ఘాట్ రోజున వీలైతే పొద్దున తొమ్మిదిలోపే ఎక్కేయండి. ఇద్దరు, ఒక మూట ఉంటే వేగం తగ్గించి, ఎక్సలేటర్‌ను ఒకే తీరుగా పట్టండి. దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజిను ఆపేసి జారేవాళ్లను ఆ దారిలో తరచూ చూస్తుంటాను. ఎక్కి వచ్చిన ఇంజిను అప్పటికే కాగి ఉంటుంది, దాన్ని ఆపితే ఫ్యానూ ఆగుతుంది, ఆయిలు పంపూ ఆగుతుంది. పైగా ఇంజిను పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఇంజిను నడుస్తూనే, రెండు బ్రేకులనూ పట్టి వదులుతూ దిగండి.

ఎక్కిన తర్వాత పాలకోవా కోసం గువ్వలచెరువులో ఎలాగూ ఆగుతారు. బండిని అంగడి నీడలో పెట్టి, జాలీ గోడకు ఆనకుండా చూసి, పది నిమిషాలు కూర్చోండి. సీటు కింద పెట్టె సరిగ్గా ఇంజిను మీదే ఉంటుంది కాబట్టి ఇన్సులిన్, మందు బిళ్లలు, పవర్ బ్యాంకు, సెంటు డబ్బా అందులో ఉంటే తీసి భుజం సంచిలో వేసుకోండి. ఇంటికి కొన్న పాలకోవా పొట్లం కూడా ఆ సంచిలోనే పెట్టండి.