విదేశంలోని చిన్న యూనివర్సిటీలో అమెరికన్ తరహా లిబరల్ ఆర్ట్స్ డిగ్రీ చేయడం ఎలా?

పేరులో ఆర్ట్స్ ఉంది కదా, బొమ్మలు గీయడం నేర్పుతారేమో అనుకునేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. అదేం కాదు. ఒక సబ్జెక్టును లోతుగా, దాని చుట్టూ మరో అరడజను సబ్జెక్టులను కాస్త కాస్త చదివించే నాలుగేళ్ల డిగ్రీ ఇది. మీ మేజర్ ఎకనామిక్స్ అయినా సరే, ఒక సైన్స్ కోర్సు, ఒక చరిత్ర, ఒక ఫిలాసఫీ, రైటింగ్ కోర్సులు మామూలుగా తప్పవు. పద్ధతి అమెరికాదే గానీ దీనికోసం అమెరికాకే వెళ్లక్కర్లేదు. బల్గేరియాలోని బ్లాగోయెవ్‌గ్రాడ్ అనే ఊళ్లో 1991లో మొదలైన అమెరికన్ యూనివర్సిటీ ఉంది. పారిస్‌లో 1962 నాటిది ఒకటుంది, రోమ్‌లో జాన్ కాబట్, స్విట్జర్లాండ్‌లోని లుగానో దగ్గర ఫ్రాంక్లిన్ ఉన్నాయి. పెద్ద యూనివర్సిటీల పక్కన పెడితే ఇవన్నీ చిన్నవే. నేనూ ఇలాంటి చిన్న చోటే చదివాను, పేరు మాత్రం చెప్పను, ఎందుకో కింద మీకే తెలుస్తుంది.

ముందు డిగ్రీ ఎవరిదో తేల్చుకోండి

బోర్డు మీద అమెరికన్ అని ఉంటే చాలదు. అమెరికాలో కాలేజీలకు గుర్తింపు ఇచ్చేది ప్రభుత్వం కాదు, అక్రెడిటేషన్ సంస్థలు. బల్గేరియాలోని దానికి న్యూ ఇంగ్లండ్ కమిషన్ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్ గుర్తింపు ఉంది, పైన చెప్పిన పారిస్, రోమ్, లుగానో వాటికి మిడిల్ స్టేట్స్ కమిషన్ ఇచ్చింది. ఈ సంగతి యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో కాకుండా ఆ అక్రెడిటేషన్ సంస్థ సైట్‌లోనే వెతికి చూడండి, ఐదు నిమిషాల పని. తర్వాత అక్కడి దేశం కూడా ఆ డిగ్రీని గుర్తిస్తుందా, రేపు మీరు ఉద్యోగమో మాస్టర్సో చేయాలనుకునే దేశం గుర్తిస్తుందా అని అడగండి. బార్డ్ కాలేజ్ బెర్లిన్‌లాంటి చోట అమెరికన్ బీఏ, జర్మన్ బీఏ రెండూ వస్తాయి. నెదర్లాండ్స్‌లోని యూనివర్సిటీ కాలేజ్ ఉట్రెక్ట్‌లో చదువు లిబరల్ ఆర్ట్సే గానీ అది మూడేళ్ల, 180 ఈసీటీఎస్ (యూరప్ క్రెడిట్ల లెక్క) డచ్ డిగ్రీ. అందులో తప్పేం లేదు, కాకపోతే నాలుగేళ్ల డిగ్రీ అడిగే మాస్టర్స్ కోర్సు దగ్గర ఇబ్బంది రావచ్చు.

దరఖాస్తు గురించి పెద్దగా చెప్పేదేం లేదు: వ్యాసం, సిఫార్సు లేఖలు, మార్కులు, ఇంగ్లిష్ పరీక్ష. ఎస్‌ఏటీ (అమెరికన్ కాలేజీల ప్రవేశ పరీక్ష) కొన్ని చోట్ల అడుగుతారు, కొన్ని చోట్ల అడగరు.

డబ్బు దగ్గర మాత్రం మొహమాటపడకండి. వెబ్‌సైట్‌లో ఉన్న ఫీజు అందరూ కట్టేది కాదు, స్కాలర్‌షిప్పులు పోను మిగిలేదే అసలు ఫీజు. ఆ స్కాలర్‌షిప్ ఎనిమిది సెమిస్టర్లూ ఉంటుందా, జీపీఏ (గ్రేడుల సగటు) ఎంతకు తగ్గితే ఆగిపోతుంది, ఏటా ఫీజు పెరిగితే అదీ పెరుగుతుందా, ఈ మూడూ ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. రెసిడెన్స్ పర్మిట్, ఇన్సూరెన్స్ ఖర్చులు బ్రోషర్‌లో కనపడకపోవచ్చు, అవీ అడగాలి.

అసలు పని: క్యాటలాగ్ చదవడం

క్యాటలాగ్ అంటే కోర్సుల జాబితా, డిగ్రీ నియమాలు ఉండే పుస్తకం. డిగ్రీకి మామూలుగా 120 క్రెడిట్లు (కోర్సుల బరువు లెక్క) కావాలి. కోర్సుకు 3 చొప్పున 40 కోర్సులు, అంటే ఎనిమిది సెమిస్టర్లలో ఒక్కోదానికి ఐదు. లెక్క ఇంత తేలికగా ఉంటుంది కాబట్టే చాలామంది దాన్ని పట్టించుకోరు. చిన్న యూనివర్సిటీలో చిక్కేమిటంటే క్యాటలాగ్‌లో ఉన్న ప్రతి కోర్సూ ప్రతి సెమిస్టర్‌లో పెట్టరు. కొన్ని ఏడాదికోసారి, కొన్ని రెండేళ్లకోసారి, ఎందుకంటే దాన్ని చెప్పే మనిషి ఒక్కరే.

నా విషయంలో అదే జరిగింది. చివరి ఏడాది థీసిస్ రాయాలంటే ముందు రీసెర్చ్ మెథడ్స్ కోర్సు పాసవ్వాలి, అది ఏడాది మార్చి ఏడాది పెడతారు. రెండో ఏడాదిలో పొద్దున ఎనిమిదింటి క్లాసు అని నేను వదిలేశాను, నాలుగో ఏడాదిలో చూసుకుందాంలే అనుకున్నాను. తీరా ఆ ఏడాదికి ఆ ప్రొఫెసర్ సబాటికల్ (పరిశోధన కోసం ఇచ్చే దీర్ఘ సెలవు) మీద వెళ్తున్నాడని తెలిసింది. అడ్వైజర్ నా ముందే ఫైలు తిరగేసి ‘ఇది నీకెవరూ చెప్పలేదా’ అన్నాడు. చెప్పాల్సింది ఆయనే! చివరికి వేసవిలో వేరే యూనివర్సిటీలో చేసి క్రెడిట్లు బదిలీ చేయించుకున్నాను, సొంత డబ్బుతో.

అందుకని చేరిన మొదటి నెలలోనే ఒక కాగితం మీద సెమిస్టర్‌కొకటి చొప్పున ఎనిమిది గళ్లు గీయండి. గత రెండేళ్ల టైమ్‌టేబుళ్లు రిజిస్ట్రార్ దగ్గర అడిగి తీసుకుని, ఏ కోర్సు ఎప్పుడెప్పుడు పెట్టారో చూడండి. గళ్లు నింపేది చివరి నుంచి: ఎనిమిదో గడిలో థీసిస్, దానికి ముందు కావాల్సినవి ఆరో గడిలోపు, వాటికి కావాల్సినవి ఇంకా ముందు. మిగిలిన ఖాళీల్లో జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులు (మేజర్ ఏదైనా అందరూ చేయాల్సినవి) ఎక్కడైనా ఇముడుతాయి. పెన్సిల్‌తో రాయండి, మారుతూనే ఉంటుంది. నా రెండో కాగితం బీరువా తలుపు లోపలివైపు అంటించుకున్నాను, రోజూ చొక్కా తీసేటప్పుడు కనపడేది. ఇంకో సంగతి, సాధారణంగా మీరు చేరిన ఏడాది క్యాటలాగ్ నియమాలే మీకు వర్తిస్తాయి, కాబట్టి దాని పీడీఎఫ్ దాచుకోండి.

వేరే చోట చేసిన కోర్సులు కలుపుకోవాలంటే వెళ్లే ముందే సంతకం చేయించుకోండి, వచ్చాక అడిగితే ఒప్పుకోకపోవచ్చు. బయటి నుంచి ఎన్ని క్రెడిట్లు తెచ్చుకోవచ్చో కూడా పరిమితి ఉంటుంది.

క్లాసులో

పదిహేను మంది ఉన్న గదిలో వెనక బెంచీ అనేది ఉండదు. మాట్లాడకపోతే మార్కులు పోతాయి, చాలా కోర్సుల్లో పార్టిసిపేషన్‌కు విడిగా శాతం ఉంటుంది. మొదటి నెల నాకు నోరు పెగలలేదు, తర్వాత క్లాసుకు ముందే ఒక ప్రశ్న రాసుకుని వెళ్లడం అలవాటు చేసుకున్నాను, అడిగేశాక టెన్షన్ పోయేది. ఆఫీస్ అవర్స్ అంటే తప్పు చేసినవాళ్లను పిలిచే సమయం కాదు, ప్రొఫెసర్లు తమ గదిలో విద్యార్థుల కోసం కేటాయించే సమయం, వెళ్లి కూర్చోండి. రేపు మాస్టర్స్‌కు సిఫార్సు లేఖ రాయాల్సింది వాళ్లే, మీ గురించి రాయడానికి వాళ్ల దగ్గర ఏదో ఒకటి ఉండాలి. కోర్సులో మరీ మునిగిపోతున్నామనిపిస్తే గడువులోపు విత్‌డ్రా చేయండి, డబ్ల్యూ అనే అక్షరం జీపీఏలో కలవదు, ఎఫ్ (ఫెయిల్) కలుస్తుంది. కాకపోతే వీసాకు కనీసం ఎన్ని క్రెడిట్లు ఉండాలో చూసుకున్నాకే.

ఏడో సెమిస్టర్ మొదట్లో డిగ్రీ ఆడిట్ అడగండి, ఏం మిగిలిందో రాతపూర్వకంగా ఇస్తారు. ఊరు వదిలే ముందు సీల్ వేసిన ట్రాన్‌స్క్రిప్టులు నాలుగైదు తీసుకోండి. పట్టాకు అపోస్టిల్ (వేరే దేశాల్లో చెల్లేలా అధికారికంగా వేసే ధృవీకరణ ముద్ర) కావాలంటే అది ఏ దేశం పట్టా అయితే ఆ దేశమే వేయాలి, కాబట్టి ఆ ముద్ర ఎక్కడ వేయించాలో రిజిస్ట్రార్‌ను అక్కడుండగానే అడగండి. నేను అడగలేదు, పట్టా కొరియర్‌లో రెండుసార్లు సముద్రం దాటింది.