డిప్రెషన్‌కు లైట్ థెరపీ: ఇంట్లో ఎలా చేసుకోవాలి?

లైట్ థెరపీ, అంటే ప్రకాశవంతమైన లైటు ముందు రోజూ కాసేపు కూర్చుని చేసుకునే చికిత్స, అనగానే ఏ లైటు కొనాలని అడుగుతారు. నిజానికి ముందు తేల్చుకోవాల్సింది ఏ టైమ్‌లో దాని ముందు కూర్చోవాలనేది. పొద్దున పడిన వెలుతురు రాత్రి త్వరగా నిద్ర వచ్చేలా చేస్తుంది. అదే వెలుతురు రాత్రి పడితే నిద్ర ఇంకా ఆలస్యమవుతుంది.

కంటి వెనక ఉండే రెటీనా అనే పొరలో మెలనాప్సిన్ అనే పదార్థం ఉన్న కొన్ని కణాలుంటాయి. నీలి వెలుగు తగిలితే అవి బాగా స్పందించి, మెదడులోని జీవగడియారానికి తెల్లారిందని కబురు పంపుతాయి. చాలామందిలో ఈ గడియారం రోజూ 24 గంటల కంటే కాస్త ఎక్కువే తీసుకుంటుంది. వెలుతురుతో సరిచేయకపోతే వెనకబడిపోతుంది. ప్రకాశవంతమైన వెలుగు మనుషుల్లో రాత్రి అయిందని శరీరానికి తెలిపే మెలటోనిన్ హార్మోన్‌ను తగ్గిస్తుందని ఆల్ఫ్రెడ్ లూయీ బృందం 1980లో చూపించింది. 1984లో నార్మన్ రోసెంథాల్ బృందం చలికాలంలో వచ్చే డిప్రెషన్‌ను వివరించి, దానికి వెలుతురునే చికిత్సగా వాడి చూసింది.

1. ముందు డాక్టర్‌తో మాట్లాడండి. బైపోలార్ (ఒకసారి కుంగుబాటు, మరోసారి అతి హుషారుతో ఉన్మాదం వచ్చే జబ్బు) ఉన్నవాళ్లలో వెలుతురు ఉన్మాద దశను రేపే ప్రమాదముంది. అలాంటివారికి పొద్దున బదులు మధ్యాహ్నం, కొద్ది నిమిషాలతో మొదలుపెట్టించడం ఒక పద్ధతి. రెటీనా జబ్బు, షుగర్ వల్ల కంటి సమస్య, లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడిచేసే జబ్బు) ఉన్నా, ఎండను భరించలేకుండా చేసే మందులు వాడుతున్నా ముందే చెప్పాలి. డిప్రెషన్ మందులు సొంతంగా మానేయకండి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే లైటు సంగతి పక్కనపెట్టి వెంటనే వైద్యసాయం తీసుకోండి.

2. లైట్ బాక్స్ ఎంచుకోండి. 10,000 లక్స్ (వెలుతురు ఎంత పడుతుందో చెప్పే కొలత) ఇవ్వాలి, అతినీలలోహిత కిరణాలను ఆపే ఫిల్టర్ ఉండాలి. తెల్ల లైటు చాలు. ఆ 10,000 ఎంత దూరంలో వస్తుందో తప్పక చూడండి. చిన్న బాక్సుల్లో మొహం దాదాపు ఆనిస్తే తప్ప అంత వెలుగు రాదు, ప్రకటనలో మాత్రం అంకె పెద్దగా వేస్తారు.

3. టైమ్ కుదుర్చుకోండి. మామూలుగా లేచే వేళకు, లేచిన గంటలోపు కూర్చోండి. ఇక్కడే చాలామంది అత్యుత్సాహం చూపిస్తారు. శరీర ఉష్ణోగ్రత బాగా పడిపోయే వేళ, మనం రోజూ లేచే సమయానికి సుమారు రెండు మూడు గంటల ముందు వస్తుంది. ఆ వేళ దాటాక పడిన వెలుగు గడియారాన్ని త్వరపెడుతుంది, దానికి ముందు పడింది ఆలస్యం చేస్తుంది. రోజూ 9కి లేచేవాళ్లు అలారం పెట్టుకుని 5కే లైటు ముందు కూర్చుంటే ఫలితం తలకిందులు కావచ్చు. 9కి మొదలుపెట్టి, కొన్ని రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు తెచ్చుకోవడం మేలు.

4. అరగంట కూర్చోండి. 2,500 లక్స్ అయితే సుమారు రెండు గంటలు పడుతుంది. లైటు కళ్లకు కాస్త పైన, పక్కగా ఉండాలి. కళ్లు తెరిచే ఉంచాలి కానీ లైటులోకి చూడక్కర్లేదు. టిఫిన్ తినండి, చదువుకోండి. చూపు కోసం వాడే కళ్లజోడు ఉంచుకోవచ్చు, చలువ కళ్లద్దాలు మాత్రం వద్దు.

5. మార్పులు గమనించండి. తేడా తెలియడానికి సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది. తలనొప్పి, కళ్లు లాగడం, వికారం ఉంటే సమయం తగ్గించండి లేదా కాస్త దూరం జరగండి. మరీ తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంటే లైటు ముందు కూర్చునే వేళను కాస్త ఆలస్యం చేయాలి. నిద్ర అవసరమే లేనట్టు హుషారు, ఆగని మాటలు, చిరాకు మొదలైతే ఆపేసి డాక్టర్‌కు చెప్పండి.

ఇది చలికాలపు డిప్రెషన్‌కే పరిమితం కాదు. 2016లో వెలువడిన కెనడా ట్రయల్‌లో, రుతువులతో సంబంధం లేని డిప్రెషన్ ఉన్న 122 మందిని ఎనిమిది వారాలు పరిశీలించారు. లైటుతో పాటు ఫ్లూక్సెటిన్ అనే డిప్రెషన్ మందు కూడా తీసుకున్నవారికి అందరికంటే ఎక్కువ మేలు జరిగింది.

బాక్స్ లేకపోతే ఉదయం ఆరుబయట నడవండి. ఇంట్లో లైట్లన్నీ వేసినా సాధారణంగా కొన్ని వందల లక్స్ దాటదు. ఎండ కాసే రోజు బయట నీడలో కూడా వేలల్లో ఉంటుంది. సూర్యుడి వైపు మాత్రం చూడొద్దు. సాయంత్రం ఇంట్లో లైట్లు, ఫోన్ వెలుగు తగ్గించుకోండి, లేదంటే పొద్దున పడిన శ్రమ సగం వృథా. చలికాలంలో డిప్రెషన్ వచ్చేవాళ్లు మనసు తేలికపడింది కదా అని మధ్యలో మానేస్తే అది తిరగబెట్టవచ్చు. పగళ్లు పొడవయ్యే దాకా కొనసాగించాలి.