ఎదిగే పందులకు గోధుమ దాణా

20 నుంచి 50 కిలోల పందులకు 100 కిలోల దాణా కలిపే లెక్క ఇది: గోధుమ 70, సోయా చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) 20, గోధుమ పొట్టు 7.5, మినరల్ మిక్చర్ 2, ఉప్పు అర కిలో. మాంసకృత్తులు సుమారు 18 శాతం వస్తాయి. 50 కిలోలు దాటాక సోయాను 12కు తగ్గించి, ఆ మేరకు పొట్టు పెంచండి.

అసలు కిటుకు మరపట్టడంలోనే ఉంది. గోధుమను పిండి చేయొద్దు, నూకగా ఆడించండి. గుప్పెడు తీసుకుని వదిలితే పలుకులు జారిపోవాలి. అరచేతికి తెల్లగా పిండి అంటుకుంటే మరీ మెత్తగా ఆడినట్టే. అలాంటి మేతతో కడుపులో పుండ్లు పడతాయి. పేడ తారులా నల్లబడితే పశువైద్యుణ్ణి పిలవండి.

అనంతపురం, కర్నూలు వైపు వేరుశనగ చెక్క సులువుగా దొరుకుతుంది. అలాగని సోయా మొత్తం తీసేసి అదే వేస్తే పెరుగుదల కుంటుపడుతుంది, ఎందుకంటే గోధుమలోనూ వేరుశనగలోనూ లైసిన్ (పందుల పెరుగుదలకు కావాల్సిన మాంసకృత్తుల భాగం) తక్కువే. పైగా బూజు పట్టిన చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ముక్కిన వాసన వస్తే పారేయండి, ఎండబెట్టినా ఆ విషం పోదు.

మొక్కజొన్న నుంచి గోధుమకు మారేటప్పుడు వారం రోజులు కొద్దికొద్దిగా కలుపుతూ పోవాలి. 30 కిలోల పందికి రోజుకు కిలోన్నర దాకా మేత, కిలో మేతకు కనీసం 3 లీటర్ల నీళ్లు. మన ఎండాకాలంలో మధ్యాహ్నం మేత ముట్టవు, తెల్లవారుజామున, పొద్దుగూకాక వేయండి.