మీ కాలనీ పక్కన తక్కువ అద్దె ఇళ్ళు వస్తున్నాయా? అర్జీ మీద సంతకం పెట్టే ముందు

విజయనగరంలో మా కాలనీ సంఘానికి నేను కార్యదర్శిని. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరై ఖాళీగా ఉన్నానని ఈ పని నాకు అంటగట్టారు. పోయిన వేసవిలో ఒక పొద్దున పాల బూత్ దగ్గర ఒక కబురు పుట్టింది, మా వెనక ఉన్న ప్రభుత్వ స్థలంలో తక్కువ అద్దె ఇళ్ళు కడతారట అని. సాయంత్రానికి అది మా వరండాలోకి వచ్చింది. రాత్రి తొమ్మిదికల్లా అర్జీ సిద్ధం. ‘మాకు ఆ ఇళ్ళు వద్దు’ అని ఒకటే ముక్క. మొదటి సంతకం నాదే. ఆ అర్జీ తీసుకున్న ఆఫీసులో దాన్ని చదివినవాళ్ళు కూడా లేరు. మీకు ఆ తిరుగుడు తప్పాలని ఇది రాస్తున్నాను.

ముందు అవి ఏ ఇళ్ళో తేల్చుకోండి. మా దగ్గర ఒకాయన టిడ్కో (రాష్ట్ర ప్రభుత్వ పట్టణ గృహ సంస్థ) ఇళ్ళన్నాడు, ఇంకొకాయన మా ఊరి పక్క గుంకలాంలాగా సెంట్ల లెక్కన స్థలాలు పంచుతారన్నాడు. సోనియానగర్, సారిపల్లి టిడ్కో ఫ్లాట్లు లబ్ధిదారులకి సొంతంగా ఇచ్చేవి. గుంకలాంలో ఇచ్చినవి ఇంటి స్థలాలు. అద్దె ఇళ్ళ దారి వేరు. కేంద్రం 2020లో వీటికోసం ఒక పథకం తెచ్చింది. 2024 సెప్టెంబరులో మొదలైన పట్టణ ఆవాస్ యోజన 2.0లో కూడా వాటికి ఒక భాగం ఉంది. వలస కూలీలు, ఫ్యాక్టరీ కార్మికులు, ఉద్యోగం చేసుకునే ఆడవాళ్ళు, చదువుకునే పిల్లలు లాంటివాళ్ళ కోసం అవి. 2020 నిబంధనల ప్రకారం స్థానికంగా సర్వే చేసి మొదటి అద్దె నిర్ణయిస్తారు. రెండేళ్ళకోసారి 8 శాతం పెంచుకోవచ్చు, ఐదేళ్ళలో మొత్తం పెంపు 20 శాతం దాటకూడదు. 25 ఏళ్ళు వాటిని అద్దెకే వాడాలి. ‘ఊరికే ఇచ్చేస్తున్నారు’ అని మా వాళ్ళు అరిచిన అరుపులకి ఇక్కడే సగం గాలి పోయింది.

ఈ వివరాల కోసం ముందు వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని కలవండి. నోటిమాట చాలదనుకుంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మునిసిపల్ ఆఫీసు స్థాయిలో ఫీజు 10 రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు. ‘ఎందుకు కడుతున్నారు’ అని అడక్కండి. ఫైల్లో ఉన్న కాగితమే ఇస్తారు తప్ప సంజాయిషీ ఇవ్వరు. ఆ సర్వే నంబరులో ఏ పథకం, ఎన్ని ఇళ్ళు, నీళ్ళు ఎక్కణ్ణుంచి, మురుగు ఏ కాలువలోకి, దారి ఎటు, ప్లాను నకలు కావాలి. ఇంతే రాయండి.

తర్వాతి పని కష్టమైనది. కాలనీ వాళ్ళని కూర్చోబెట్టి ఎవరి భయం వాళ్ళచేత చెప్పించాలి. మేము పాత క్యాలెండరు కాగితం తిరగేసి రాశాం. దొంగతనాలు, తాగుడు, చెత్త, కాలువ, నీళ్ళు. గంటన్నర అదే పాట. చివర్లో ఒక రిటైర్డ్ మాస్టారు మెల్లగా, “అదంతా సరేనయ్యా, మన మేడ మీద పోర్షన్లు ఇంకెవరు తీసుకుంటారు?” అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. మా మేడ మీద రెండు గదులూ వంటిల్లూ ఉన్నాయి, నెలకి 5,500 వస్తుంది. మా ఇద్దరి బీపీ మాత్రలూ, కరెంటు బిల్లూ అందులోంచే. నాక్కూడా మొదట తగిలింది ఆ దెబ్బే, నోటితో మాత్రం కాలువ అన్నాను.

అప్పుడే టీ గ్లాసులు తీస్తున్న మా పనావిడ ఆగి, “బావూ, ఆ ఇళ్ళకి కాగితం ఎక్కడిత్తారు? నానూ రాసుకుంతాను” అంది. ఆవిడ ఒక్క గదికి 2,500 కడుతోంది, నాలుగు కుటుంబాలకి కలిపి ఒకటే బాత్రూమ్. దొంగతనాలన్న మాట అప్పటిదాకా ఆవిడ ఎదురుగానే అనుకున్నాం. మాస్టారు కాగితం మీద ఆ మొదటి మాట కొట్టేశారు. ఎవరూ కాదనలేదు.

పోర్షన్ల సంగతి అర్జీలోకి ఎక్కించకండి, అది మన సొంత లెక్క. ఆ ఇళ్ళకి ఆదాయ పరిమితి ఉంటుంది. ఏడాదికి 3 లక్షల లోపు, 6 లక్షల లోపు అని వర్గాలు. నా పోర్షన్లో ఇంతకుముందున్న బ్యాంకు ఉద్యోగి ఆ లెక్కలోకి రాడు. నేను మాత్రం పైకి వేరే కరెంటు మీటరు పెట్టించి, కారుతున్న ట్యాంకు పైపు మార్పించాను. ఎన్నాళ్ళుగానో మా ఆవిడ పోరుతున్న పని.

అర్జీలో కొలతలుండాలి. రెండో అర్జీ కోసం నేనూ, మా అబ్బాయీ టేపు పట్టుకెళ్ళి వీధి చివర కల్వర్టు కొలిచాం. వెడల్పు రెండడుగులు, అందులో సగం ఇసుకే. అక్టోబరు వానలకి ఇప్పుడున్న ఇళ్ళ నీళ్ళే రోడ్డెక్కుతాయి. ఇంకో వంద కుటుంబాల మురుగు ఇందులో కలిపితే ఏమవుతుందో ఫోటోలే చెప్పాయి. ఊరికి నెల్లిమర్ల, రామతీర్థం, ముషిడిపల్లి పథకాల నీళ్ళే ఆధారం కాబట్టి కొత్త ఇళ్ళకి వేరే ట్యాంకు ఎక్కడ కడతారో అడిగాం. అంబులెన్సు తిరిగేంత దారి, వీధి దీపాలు కూడా రాశాం. ‘వద్దు’ అన్న మాట ఈసారి ఎక్కడా లేదు. సోమవారం కలెక్టరేట్లో ప్రజల ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్ఎస్‌లో ఇచ్చి, రసీదు ఫోన్లో ఫోటో తీసుకోండి. మళ్ళీ వెళ్ళినప్పుడు అడిగేది ఆ నంబరే.

రోడ్డుకి అడ్డంగా గేటు పెడదాం అనేవాడు ప్రతి కాలనీలోనూ ఒకడుంటాడు. అనుమతి పొందిన లేఅవుట్లో రోడ్లు మునిసిపాలిటీకి అప్పగించినవి. సంఘానికి మూసే హక్కు లేదు. కొత్తగా వచ్చేవాళ్ళ ఆధార్ కార్డులన్నీ పోలీసులకివ్వాలి అనేవాణ్ణి, మీ అద్దెవాళ్ళ కార్డు ఎప్పుడిచ్చావని అడగండి. మా వీధిలో ఒక్కరూ ఇవ్వలేదు, నాతో సహా.

సమాచార హక్కు జవాబు వచ్చింది. ఆ స్థలం మీద ఇంకా ప్రతిపాదనే, ప్లాను లేదట. కల్వర్టులో ఇసుక మాత్రం తీశారు. మా పనావిడ ప్రతి సోమవారం గ్లాసులు కడుగుతూ, “బావూ, కాగితం వొచ్చిందేటి?” అని అడుగుతూనే ఉంది.